కోడ్ బ్లూలో అంబు బ్యాగ్ నా చేతికొస్తుంది, ఛాతీ లేవదు. మాస్క్ ఎలా పట్టుకోవాలి? శ్వాసనాళంలోకి ట్యూబ్ పడేదాకా ఆగాలా?

రాత్రిడ్యూటీ సిస్టర్ అడిగిన ప్రశ్న:

నమస్తే అండీ. నేను జనరల్ మెడిసిన్ వార్డులో స్టాఫ్ నర్సుని. బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ ట్రైనింగులు (ఆగిన గుండెని, ఊపిరిని నిలబెట్టే శిక్షణలు) రెండూ అయ్యాయి. బొమ్మ మీద చేస్తే అన్నీ చక్కగా వస్తాయి. మనిషి దగ్గరికి వచ్చేసరికే కష్టంగా ఉంది.

మా వార్డులో ఎవరికైనా గుండె ఆగితే కోడ్ బ్లూ పిలుస్తాం. డ్యూటీ డాక్టరుగారు వెంటనే వస్తారు. ఒకరు కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) మొదలుపెడతారు, ఇంకొకరు గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు అంటిస్తారు. అనస్థీషియా డాక్టరుగారు మాత్రం థియేటర్ నుంచి రావాలి. వాళ్లు వచ్చేలోపు తల వైపు నిలబడి అంబు బ్యాగ్ (మాస్క్ తగిలించి, చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) పట్టుకునేది ఎక్కువగా నేనే.

ఈమధ్య కోడ్‌లో పేషంటు ఒక పెద్దాయన. లావు మనిషి, మెడ పొట్టి, గుబురు గడ్డం, పళ్లసెట్టు తీసేసి ఉంది. ఎడమచేత్తో మాస్క్ అదిమి కుడిచేత్తో బ్యాగ్ నొక్కుతుంటే బుగ్గ పక్క నుంచి బుస్సుమని గాలి బయటికి పోతోంది. ఛాతీ కదలడం లేదు. గట్టిగా నొక్కితే పొట్ట ఉబ్బడం కనిపించింది. పక్కనుంచి ఒకరు "ముందు ట్యూబ్ వెయ్యండి, ట్యూబ్ లేకుండా ఎంత కొట్టినా దండగ" అంటున్నారు. ఇంకొకరు "గాలి సంగతి తర్వాత, కంప్రెషన్లు ఆపకండి" అంటున్నారు. ఇద్దరూ నాకన్నా సీనియర్లే. మధ్యలో నాకు విపరీతమైన టెన్షన్.

అలాంటి మనిషికి మాస్క్ ఎలా పట్టుకోవాలి? నిమిషానికి ఎన్నిసార్లు ఊదాలి? మా అత్యవసర సామాను బండి, క్రాష్ కార్ట్‌లో ఐ-జెల్ (నోట్లోంచి గొంతు దాకా వేసే గొట్టం) ఉంది, ఎవరూ తీయరు. అది నాలాంటివాళ్లు వేయొచ్చా? ట్యూబ్ వేసేటప్పుడు కంప్రెషన్లు ఆపాలా? పుస్తకంలో ఉన్నది కాదు, చేతులతో చేసేవాళ్లు చెప్పండి దయచేసి.

మత్తుడాక్టర్ జవాబు:

సిస్టర్ గారూ, థియేటర్ నుంచి పరిగెత్తుకొచ్చే ఆ అనస్థీషియా డాక్టరు వైపు నుంచి చెబుతున్నాను. మేము వచ్చేలోపు తల దగ్గర ఉన్న మనిషి ఏం చేశారన్నదాని మీదే మా పని చాలావరకు ఆధారపడుతుంది. మీ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు రాస్తాను, పెద్దదైనా చదవండి.

ముందు ఆ ఇద్దరు సీనియర్ల తగవు. ఉన్నట్టుండి గుండె లయ తప్పి ఆగిపోయిన మనిషి రక్తంలో, ఊపిరితిత్తుల్లో అప్పటికి కొంత ఆక్సిజన్ ఉంటుంది. లేనిది దాన్ని మెదడుకి తోసే పంపు. అందుకే మొదటి నిమిషాల్లో కంప్రెషన్లు, షాక్ ఇవ్వాల్సిన లయ అయితే షాక్, ఈ రెండే ముందు. నిమిషాలు గడిచేకొద్దీ ఆ నిల్వ ఖర్చయిపోతుంది, గాలి అందించడం అప్పుడు ముఖ్యమవుతుంది. అందించాల్సింది ఆక్సిజన్ అండీ, ట్యూబ్ కాదు. అది మాస్క్‌తో అందినా, ఐ-జెల్‌తో అందినా, ట్యూబ్‌తో అందినా ఊపిరితిత్తులకి తేడా తెలియదు. కంప్రెషన్లు ఆపి అందిస్తే మాత్రం మెదడుకి తెలుస్తుంది.

ఇప్పుడు మీ పెద్దాయన. ఒంటిచేత్తో మాస్క్ పట్టడం మా థియేటర్‌లో రోజూ చేసే మాకే అలాంటి మొహం మీద కుదరదు. కాబట్టి లోపం మీ చేతిలో లేదు, ఆ పద్ధతిలో ఉంది. మాస్క్‌కి రెండు చేతులూ కావాలి. బ్యాగ్ వేరే మనిషి నొక్కాలి.

ఎలాగంటే, మంచం తలవైపు పలక తీసేయండి, మంచాన్ని గోడ నుంచి లాగండి, మీరు నిలబడేంత చోటు కావాలి. లావుగా ఉన్నవాళ్లకి తల కింద మడతపెట్టిన దుప్పటి పెట్టి చెవి రంధ్రం ఛాతీ ఎముక పైభాగంతో ఒకే ఎత్తులోకి వచ్చేలా చూడండి. భుజాల కింద కాదు, తల కింద. కంప్రెషన్ల కుదుపుకి అది జారిపోతుంటుంది, సర్దుతూ ఉండాలి.

తర్వాత చేతులు. మాస్క్‌ని ముక్కు ఎముక మీద ముందు ఆనించి, తర్వాత గడ్డం మీదకి దించండి. రెండు బొటనవేళ్ల కింద ఉండే మెత్తటి కండ మాస్క్‌కి రెండు పక్కలా పొడవునా ఆనాలి, బొటనవేళ్లు పాదాల వైపు చూడాలి. మిగతా నాలుగేసి వేళ్లు చెవి కింద దవడ మూల దగ్గర ఎముకకి తగిలించండి. ఎముకకే. గడ్డం కింద మెత్తటి చోట వేళ్లు గుచ్చితే నాలుక వెనక్కి పోయి దారి ఇంకా మూసుకుపోతుంది. ఇప్పుడు దవడని పైకి, ముందుకి ఎత్తండి, కింది పళ్లు పైపళ్లని దాటి వచ్చేంతగా. చాలామంది మాస్క్‌ని మొహం మీదకి అదుముతారు. అదిమితే తల ముందుకి వంగి గొంతు మడతపడుతుంది. బలమంతా పైకి ఎత్తడంలో ఉండాలి, మాస్క్ కదలకుండా ఉంటే చాలు.

పళ్లసెట్టు గట్టిగా కూర్చునేదైతే మాస్క్‌తో ఊదుతున్నంతసేపు నోట్లోనే ఉంచడం మేలు, బుగ్గలు లోపలికి పోకుండా నిలబెడుతుంది. ట్యూబ్ వేసే ముందు తీసేయొచ్చు. వదులుగా ఆడేదైతే మొదటే తీసేయాలి. గడ్డం మీద గాలి కారుతుంటే జెల్లీ దట్టంగా పూయండి, వెంట్రుకల మధ్య సందులు మూసుకుపోతాయి.

నాలుక వెనక్కి పడకుండా నోట్లో పెట్టే వంపు గొట్టం, గుడెల్ ఎయిర్‌వే ఒకటి వేయండి, స్పృహ లేని మనిషే కాబట్టి అభ్యంతరం ఉండదు. ముందుపళ్ల దగ్గర నుంచి దవడ మూల దాకా చెంప పక్కన పెట్టి కొలవండి. చిన్నదైతే నాలుకనే వెనక్కి నెడుతుంది, పెద్దదైతే నాలుక మొదలు వెనక, శ్వాసనాళం మీద ఉండే మూతని కిందకి నొక్కి దారి మూసేస్తుంది. నోరు తెరుచుకోకపోతే ముక్కులో వేసే మెత్తటి ట్యూబ్ ఉంది, కానీ పుర్రె అడుగుభాగంలో దెబ్బ అనుమానం ఉంటే దాని జోలికి వెళ్లొద్దు.

బ్యాగ్ ఎవరు నొక్కాలంటారా? కంప్రెషన్లు చేసే మనిషే. ముప్ఫై నొక్కి ఆగినప్పుడు ఆయన చేతులు ఖాళీగానే ఉంటాయి, బ్యాగ్ పక్కనే ఉంటుంది. రెండుసార్లు నొక్కి మళ్లీ ఛాతీ మీదకి వెళ్లిపోతారు. మీ చేతులు మాస్క్ నుంచి కదలనే అక్కర్లేదు. వార్డులో మనుషులు తక్కువ ఉన్నప్పుడు ఇదొక్కటి నేర్చుకుంటే చాలా మారుతుంది.

ఎంత గాలి? పెద్దవాళ్ల అంబు బ్యాగ్‌లో సుమారు లీటరున్నర పడుతుంది. మనకి కావాల్సింది 500 నుంచి 600 మిల్లీలీటర్లు. అంటే మూడో వంతు. ఒక సెకనులో, నెమ్మదిగా, ఛాతీ లేచినట్టు కనిపించగానే ఆపేయండి. రెండు చేతులతో బ్యాగ్‌ని పిండేస్తే మిగతాదంతా కడుపులోకి పోతుంది. అన్నవాహిక చివర ఉండే బిగువు గుండె ఆగాక సడలిపోతుంది, కొంచెం ఒత్తిడికే తెరుచుకుంటుంది. పొట్ట ఉబ్బిందంటే డయాఫ్రం పైకి లేచి తర్వాతి శ్వాస ఇంకా కష్టమవుతుంది, దాంతో మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, చివరికి తిన్నదంతా గొంతులోకి వస్తుంది. అందుకే వాంతిని లాగేసే సక్షన్ ఆన్‌చేసి, గొట్టం దిండు కిందే పెట్టుకోండి. ఆక్సిజన్ 15 లీటర్లలో పెట్టి రిజర్వాయర్ సంచి నిండిందో లేదో కంటితో చూడండి. గోడకి తగిలించని పైపుతో ఊదుతూ ఉండటం కోడ్‌లలో కొత్తేమీ కాదు.

రెండు శ్వాసలకీ ఛాతీ లేవకపోతే మూడోది, నాలుగోది అంటూ ప్రయత్నించొద్దు. కంప్రెషన్లు మొదలవనివ్వండి. ఆ ముప్ఫై లెక్కపెట్టేలోపు మీరు తల, దవడ, ఎయిర్‌వే సర్దుకోండి. రెండు శ్వాసలకీ కలిపి ఆగే సమయం 10 సెకన్లు దాటకూడదు.

ఇక వేగం. నేను మరీ మరీ చెప్పదలచుకున్నది ఇదే. టెన్షన్‌లో అందరూ ఎక్కువ ఊదుతారు. 2004లో ఆఫ్‌డర్‌హైడ్ అనే డాక్టరు బృందం అంబులెన్స్ సిబ్బంది అసలు కేసుల్లో ఎలా ఊదుతున్నారో కొలిచి చూసింది. సగటున నిమిషానికి 30సార్లు. వాళ్లంతా శిక్షణ ఉన్నవాళ్లే. అదే వేగాన్ని పందుల మీద పరీక్షిస్తే, నిమిషానికి 12 చొప్పున ఇచ్చినవాటికన్నా 30 ఇచ్చినవి బతకడం బాగా తగ్గిపోయింది. ప్రతి శ్వాసా ఛాతీలో ఒత్తిడి పెంచుతుంది. ఒత్తిడి పెరిగితే శరీరం నుంచి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, అప్పుడు పక్కనున్నవాళ్లు చెమటలు కక్కుతూ చేసే కంప్రెషన్ ఖాళీ గుండెని నొక్కినట్టే. మాస్క్‌తో అయితే 30కి 2. ట్యూబో ఐ-జెల్లో పడ్డాక కంప్రెషన్లు ఆపకుండా, ఆరు సెకన్లకి ఒకటి, నిమిషానికి 10. ఎవరో ఒకరు గడియారం చూస్తూ "ఊదు" అని పైకి చెప్పాలి. మనసులో లెక్కపెట్టుకుంటే కోడ్ హడావిడిలో ఆరు సెకన్లు రెండైపోతాయి.

గొంతు మీద నొక్కే పద్ధతి, క్రికాయిడ్ ప్రెషర్, ఎవరైనా చేయమంటే మామూలుగా అక్కర్లేదని చెప్పండి. అరెస్ట్‌లో దానివల్ల మేలు కన్నా ఊదడానికీ ట్యూబ్ వేయడానికీ అడ్డే ఎక్కువ.

అంబులెన్స్ టెక్నీషియన్ జవాబు:

మేడమ్ చెప్పినవాటికి నా వంతు ఐ-జెల్ గురించి. మేము రోడ్డు మీద, ఇళ్లల్లో, మెట్ల మధ్య చేసే పని కాబట్టి ట్యూబ్‌కి వెలుగూ ఉండదు, చోటూ ఉండదు. మాకు మొదటి ఆయుధం ఇదే.

సైజు బరువుని బట్టి ఉంటుంది, ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. 30 నుంచి 60 కిలోలకి 3, 50 నుంచి 90కి 4, 90 దాటితే 5. మధ్యలో ఉన్నవాళ్లకి ఏది వేయాలా అని తలపట్టుకోవద్దు, శరీరతత్వాన్ని బట్టి ఒకటి తీసుకోండి, గాలి కారితే మార్చండి. వెనకవైపు, పక్కలు, ముందు పలచగా జెల్లీ రాయండి, గాలి వచ్చే గిన్నెలాంటి భాగంలో జెల్లీ గడ్డ మిగలకుండా చూడండి. పళ్లు కొరికే గట్టి భాగాన్ని పట్టుకుని, గిన్నె పేషంటు గడ్డం వైపు చూసేలా పెట్టి, పైఅంగిలిని ఆనుకునే జార్చాలి. నాలుక మీద నుంచి తోస్తే నాలుకే మడతపడి లోపలికి పోతుంది. ఆగిపోయిందనిపించేదాకా తోయండి. గొట్టం మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది, అది పళ్ల దగ్గరికి రావాలి. కఫ్ లేదు, గాలి నింపక్కర్లేదు. కంప్రెషన్లు జరుగుతుండగానే వేసేయొచ్చు, ఆపమని అడగక్కర్లేదు.

వేశాక కట్టేయండి, టేపుతో పైదవడకి. అంటిపెట్టుకుని ఉండదు, స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు పైకి తేలుతుంది. పక్కన సన్నటి దారి ఒకటి ఉంటుంది, దాన్లోంచి కడుపులోకి గొట్టం వేసి గాలి తీసేయొచ్చు. పొట్ట ఉబ్బిన పేషంటుకి అది చేశాక ఊదడం ఎంత తేలికవుతుందో మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఐ-జెల్ వేశాక ఆపకుండా కంప్రెషన్లు చేస్తుంటే గొంతులో బుడబుడమని గాలి కారుతుంటే, ఛాతీ సరిగ్గా లేవకపోతే, మొండికేయొద్దు. మళ్లీ 30కి 2కి వెళ్లిపోండి. శ్వాస ఇచ్చేటప్పుడు ఆగితే అది కారదు.

నర్సులు వేయొచ్చా అంటే, చేతికి సంబంధించినంతవరకు తప్పకుండా వేయగలరు, నేర్చుకోవడానికి ట్యూబ్‌తో పోలిస్తే చాలా తేలిక. అనుమతి మాత్రం మీ ఆస్పత్రి రాతపూర్వక పాలసీ బట్టి ఉంటుంది. కోడ్ మధ్యలో కాదు, ముందే అడిగి రాయించుకోండి.

ఎమర్జెన్సీ పీజీ జవాబు:

మేడమ్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. మా డిపార్ట్‌మెంట్‌లో మాకు చెప్పేది వేరు. ట్యూబ్ ఒక్కటే శ్వాసనాళాన్ని పూర్తిగా మూసి, కడుపులోంచి వచ్చేది ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడుతుంది. మాస్క్‌తో నెట్టుకొస్తే తర్వాత బతికిన పేషంటుకి న్యుమోనియా రాదా? పైగా గొంతు లోపలిని తెర మీద చూపే వీడియో లారింగోస్కోప్ ఉంటే పది సెకన్లలో ట్యూబ్ పడుతుంది. ఆలస్యం ఎందుకు చేయాలి?

మత్తుడాక్టర్ జవాబు:

మంచి ప్రశ్న, డాక్టరుగారూ. ట్యూబ్ వేసి బతికేదాన్ని నేను, ట్యూబ్ మీద నాకు కోపం లేదు. అది ఎవరు, ఎప్పుడు, ఏది ఆపి వేస్తారన్నదే విషయం.

2018లో మూడు పెద్ద ట్రయల్స్ వచ్చాయి, మూడూ ఆస్పత్రి బయట ఆగిన గుండెల మీదే. ఎయిర్‌వేస్-2 ఇంగ్లండ్‌లో, 9,296 మంది, ఐ-జెల్‌కీ ట్యూబ్‌కీ పోటీ. తమ పనులు తాము చేసుకునే స్థితిలో మిగిలినవాళ్లు ఐ-జెల్‌లో 6.4 శాతం, ట్యూబ్‌లో 6.8. తేడా లేనట్టే. అమెరికాలో పార్ట్ అనే ట్రయల్, 3,004 మంది, లారింజియల్ ట్యూబ్ (ఐ-జెల్ లాగే శ్వాసనాళంలోకి పోకుండా గొంతులో ఆగే గొట్టం) ముందు వేసినవాళ్లలో 72 గంటలు బతికినవాళ్లు 18.3 శాతం, ట్యూబ్ ముందు వేసినవాళ్లలో 15.4. అందులో ఒక సంగతి గమనించండి, అక్కడ ట్యూబ్‌తో మొదలుపెట్టిన బృందంలో అది పడింది సగం మందికే, లారింజియల్ ట్యూబ్ తొంభై శాతం మందికి. మూడోది ఫ్రాన్స్, బెల్జియంలలో, మాస్క్‌కీ ట్యూబ్‌కీ. అక్కడ ట్యూబ్ వేసింది డాక్టర్లే. 28 రోజులకి మెదడు బాగున్నవాళ్లు 4.3, 4.2 శాతం.

మీరు అడిగిన వాంతి సంగతి ఆ మూడోదాంట్లోనే ఉంది, దాచను. కడుపులోది పైకి రావడం మాస్క్‌తో 15.2 శాతం, ట్యూబ్‌తో 7.5. మాస్క్‌తో గాలి అందించలేకపోవడం కూడా ఎక్కువే. అందుకే మాస్క్‌తో ఛాతీ లేస్తుంటే అక్కడే ఉండండి, లేవకపోతే ఐ-జెల్‌కి వెళ్లండి, వేయడం బాగా వచ్చిన మనిషి వస్తే ట్యూబ్ వేయించండి అంటున్నాను. బాగా రావడం అంటే యూరోపియన్ గైడ్‌లైన్స్ 2021లో పెట్టిన కొలత రెండు ప్రయత్నాల్లోపు 95 శాతం సార్లు పడటం. ఆ కొలతకి నిజాయితీగా నిలబడేవాళ్లు ప్రతి రాత్రీ ప్రతి వార్డులో ఉండరు కదా.

ఆస్పత్రి లోపల సంగతికి 2017లో అమెరికా రిజిస్ట్రీ రికార్డులతో చేసిన అధ్యయనం ఉంది. మొదటి 15 నిమిషాల్లో ట్యూబ్ పడ్డవాళ్లు, ఆ నిమిషానికి ఇంకా పడనివాళ్లతో జతకట్టి పోలిస్తే డిశ్చార్జి దాకా బతికింది 16.3, 19.4 శాతం. అది రికార్డులు చూసి పోల్చింది, లాటరీ తీసి చేసిన ట్రయల్ కాదు, కాబట్టి ట్యూబే చంపిందని నేను అనను. కానీ "ముందు ట్యూబ్ పడాలి" అని అరిచేవాళ్లకి కూడా దాంట్లో ఏ ఆధారమూ దొరకదు.

ట్యూబ్ వేసేటప్పుడు నేను చేసేది చెబుతా. లారింగోస్కోప్ పెట్టేది కంప్రెషన్లు నడుస్తుండగానే. ట్యూబ్‌కి దారి చూపే సన్నటి కడ్డీ, బూజీ, చేతిలో సిద్ధం. స్వరతంత్రులు కనిపించాక, అవి కుదుపుకి ఊగుతూ దారి ఇవ్వకపోతేనే "ఆపండి" అంటాను, ట్యూబ్ దాటగానే "నొక్కండి" అంటాను. ఆ మధ్య అయిదు సెకన్లు మించకూడదు. చాలాసార్లు ఆపక్కర్లేకుండానే పడుతుంది. కనిపించకపోతే వెనక్కి వచ్చేయాలి, మాస్క్ పెట్టేయాలి. నోట్లో స్కోప్ పెట్టుకుని "ఇంకొక్క సెకను, ఇంకొక్క సెకను" అనే డాక్టరుని ఆపే అధికారం టీమ్ లీడర్‌కి ఉండాలి, మీ కోడ్‌లో ఆ పని సిస్టర్ చేసినా తప్పులేదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యం, ట్యూబ్ ఎక్కడుందో తెలుసుకోవడం. స్టెతస్కోప్ పెట్టి రెండు వైపులా గాలి వినిపించిందనీ, గొట్టంలో ఆవిరి పట్టిందనీ నమ్మితే ముంచేస్తాయి. ఆ రెండూ అన్నవాహికలో ఉన్న ట్యూబ్‌తో కూడా కనిపిస్తాయి, వినిపిస్తాయి. ట్యూబ్‌లోంచి బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూపే గ్రాఫ్ కావాలి. "గుండె ఆగింది కాబట్టి గ్రాఫ్ రాకపోవచ్చు" అని కొందరంటారు. రావాలండీ. కంప్రెషన్లు నడుస్తున్నంతసేపు కొంత రక్తం ఊపిరితిత్తులకి వెళ్తూనే ఉంటుంది, గుట్టలు పొట్టిగా ఉన్నా గ్రాఫ్ వస్తుంది. పూర్తిగా చదునైన గీత వచ్చిందంటే వేరేది రుజువయ్యేదాకా ట్యూబ్ అన్నవాహికలో ఉన్నట్టే లెక్క. శ్వాసమార్గం విషయంలో జరిగిన ప్రమాదాల మీద బ్రిటన్‌లో 2011లో వచ్చిన నాప్4 నివేదికలో ఇదే కనిపించింది. చదునైన గీత చూసి గుండె ఆగినందువల్లే అనుకున్న డాక్టర్లు ఉన్నారు, ట్యూబ్ తప్పుచోట ఉంది. ట్యూబ్ అన్నవాహికలో పడితే గుర్తించడం మీద 2022లో వచ్చిన ప్యూమా గైడ్‌లైన్స్ ఒక్క శ్వాసతో తృప్తిపడొద్దంటాయి. గుట్టలు కనీసం ఏడు శ్వాసల పాటు నిలబడాలి, అడుగు గీత కన్నా 7.5 మిల్లీమీటర్లు (పాదరసం కొలతలో) పైన ఉండాలి. కడుపులో చిక్కుకున్న గాలి మొదటి రెండు మూడు శ్వాసలకి మోసం చేయగలదు.

అదే గ్రాఫ్ తర్వాత కూడా పనికొస్తుంది. అంకె 10 కింద ఉంటే నొక్కే మనిషి అలిసిపోయి ఉండొచ్చు, మార్చండి. ఉన్నట్టుండి 35, 40కి ఎగబాకితే గుండె తిరిగి కొట్టుకుంటోందేమో, తర్వాతి లయ పరీక్షలో నాడి పట్టండి.

రాత్రిడ్యూటీ సిస్టర్:

మేడమ్, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. రెండు చేతులతో మాస్క్, కంప్రెషన్లు చేసేవాళ్లే బ్యాగ్ నొక్కడం, ఇది ఎవరూ ఇలా చెప్పలేదు. రేపు మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడి వార్డులోనే ప్రాక్టీస్ పెట్టిస్తాను. ఐ-జెల్ పాలసీ సంగతి కూడా అడుగుతాను.

ఇంకొక్క సందేహం. ముద్ద గొంతుకి అడ్డంపడి ఆగినవాళ్లకి, నీళ్లలో మునిగినవాళ్లకి, చిన్నపిల్లలకి కూడా మొదట కంప్రెషన్లే ముఖ్యమా? పక్కనే పిల్లల వార్డు, అక్కడ కోడ్ అయినా మమ్మల్నే పిలుస్తారు.

మత్తుడాక్టర్ జవాబు:

వాళ్లకి వేరు సిస్టర్. గుండె ఆగింది గాలి లేకే. పైన చెప్పిన ఆక్సిజన్ నిల్వ వాళ్లకి అప్పటికే అయిపోయి ఉంటుంది. కంప్రెషన్లు చేయాల్సిందే, కానీ శ్వాస వాయిదా వేయడానికి లేదు, తొలి క్షణం నుంచే కావాలి. నీళ్లలో మునిగినవాళ్లకీ, పిల్లలకీ యూరోపియన్ పద్ధతిలో ముందు అయిదు శ్వాసలు ఇచ్చి తర్వాత కంప్రెషన్లకి వెళ్తారు. పిల్లలకి ఇద్దరు ఆరోగ్య సిబ్బంది ఉంటే 15కి 2. ఏడాది లోపు పాపాయికి తల వెనక్కి ఎక్కువ వంచొద్దు, మొహం నేరుగా పైకప్పుని చూడాలి. వాళ్ల తల వెనకభాగం పెద్దది, భుజాల కింద పలచటి మడత గుడ్డ పెడితే సరిపోతుంది. పెద్దవాళ్ల బ్యాగ్‌తో పిల్లలకి ఊదొద్దు, గత్యంతరం లేకపోతే వేళ్ల కొసలతో మాత్రమే, ఛాతీ లేచిందా లేదా చూస్తూ.

ముద్ద అడ్డంపడి ఆగినవాళ్లకి శ్వాస ఇవ్వడానికి నోరు తెరిచిన ప్రతిసారీ లోపల చూడండి. కనిపిస్తే తీయండి, కనిపించకుండా వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. కంప్రెషన్లే దాన్ని పైకి కదిలించొచ్చు. డాక్టరు వచ్చాక లారింగోస్కోప్‌తో చూసి మాగిల్ ఫోర్సెప్స్‌తో తీస్తారు, ఆ రెండూ మీ కార్ట్‌లో ఉన్నాయో లేవో ఈ రాత్రే చూడండి.

గర్భిణి అయితే, బొడ్డు దాకా లేదా దాన్ని దాటి కడుపు ఉంటే, ఒకరు గర్భాశయాన్ని చేత్తో ఎడమవైపుకి లాగి పట్టుకోవాలి, ఆగకుండా. ఆక్సిజన్ వాళ్లకి వేగంగా అయిపోతుంది, వాంతి ప్రమాదం ఎక్కువ, గొంతు వాచి ఉంటుంది. కాబట్టి అనుభవమున్న చేతిని మొదటి పిలుపులోనే పిలవండి, ట్యూబ్ అరసైజు చిన్నది సిద్ధం చేయించండి.

ఎమర్జెన్సీ పీజీ జవాబు:

మేడమ్, నాప్4 చదివాను, చదునైన గీత భాగం దగ్గర కాసేపు ఆగిపోయాను. మా దగ్గర ఆ గ్రాఫ్ చూపే క్యాప్నోగ్రాఫ్ ఐసీయూలో ఉంది, కోడ్ ట్రాలీలో లేదు. అది రాయించే పని నేను తీసుకుంటున్నా. ఇంకొకటి, గుండె తిరిగి కొట్టుకోవడం మొదలయ్యాక కూడా అదే ఆరు సెకన్ల లెక్కేనా? ఆక్సిజన్ నూరు శాతం మీదే ఉంచాలా?

మత్తుడాక్టర్ జవాబు:

నిమిషానికి 10తో మొదలుపెట్టి, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మధ్య ఉండేలా సర్దండి. గట్టిగా ఊది దాన్ని కిందకి దించితే మెదడుకి వెళ్లే రక్తనాళాలు కుచించుకుపోతాయి. ఆక్సిజన్ విషయంలో తొందరపడొద్దు, వేలి ప్రోబ్ నమ్మకంగా చదివేదాకా నూరు శాతం ఉంచండి, చదవడం మొదలయ్యాక 94 నుంచి 98 మధ్య నిలిచేలా తగ్గించండి. చల్లబడ్డ వేళ్ల మీద ప్రోబ్ తప్పు చూపిస్తుంది కాబట్టి వీలైనంత త్వరగా ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) పంపండి.

ట్యూబ్ లోతు అప్పుడు మళ్లీ చూడండి, కంప్రెషన్ల కుదుపులో లోపలికి జారి కుడి ఊపిరితిత్తిలోకే వెళ్లి ఉండొచ్చు. పళ్ల దగ్గర ఆడవాళ్లకి సుమారు 21, మగవాళ్లకి 23 సెంటీమీటర్లు. ఐసీయూకి తరలించే ముందు, స్ట్రెచర్ మీదకి మార్చిన వెంటనే, గ్రాఫ్ ఒకసారి. క్యాప్నోగ్రాఫ్ ట్రాలీలోకి వచ్చాక సిస్టర్లకి కూడా గ్రాఫ్ చూడటం నేర్పండి, తల దగ్గర ఉండేది వాళ్లే.